గూడుబండి నుండి మోటారుకారు వరకు: ప్రయాణములో పిల్లల కాలక్షేపము

కార్తిక పౌర్ణమినాడు సముద్రస్నానము చేయుటకై మెట్టప్రాంతపు కుటుంబములెన్నో చీరాల దగ్గరి వాడరేవుకు బయలుదేరును. ఒకప్పుడు ఎడ్లబండ్లమీద సాగిన ఇట్టి ప్రయాణములు నేడు బస్సులలోను, ఆటోలలోను, సొంత కార్లలోను సాగుచున్నవి. వాహనము మారినది, వేగము పెరిగినది, ప్రయాణకాలము తగ్గినది. మారనిది ఒక్కటే. బయలుదేరిన కొంతసేపటికే పిల్లలు "నాన్నా, ఇంకెంత దూరం?" అని అడుగుట మొదలుపెట్టుదురు.

గత సంవత్సరము మేమును నరసరావుపేట నుండి ఇట్లే బయలుదేరితిమి. మా బావమరిది కారు నడుపుచుండెను. వెనుక సీటులో మా అమ్మయు, మా ఆరేండ్ల అమ్మాయియు కూర్చుండిరి. చిలకలూరిపేట దాటకముందే పిల్ల విసుగు చెంది అల్లరి ఆరంభించినది. ఊరుకొనుటకై నేను నా సెల్‌ఫోను ఆమె చేతిలో పెట్టితిని. అరగంటసేపు కారులో చడీచప్పుడు లేదు. నా ఉపాయము ఫలించినదని నేను సంతోషించుచుండగానే పిల్ల ముఖము పాలిపోయినది, నుదుట చెమట పట్టినది, వెంటనే వాంతి చేసికొన్నది. కారు ఆపి ముఖము కడిగి నీళ్ళు త్రాగించుచుండగా మా అమ్మ ఒక మాట అన్నది.

"ఏరా, మా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళకు రాత్రంతా బండిలో పోయేవాళ్ళం. ఒళ్ళు హూనమయ్యేది గాని ఒక్కరికీ వాంతి అయిన గుర్తు లేదు. ఇంత మెత్తని కారులో దీనికేం వచ్చిందిరా?"

కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పు నాకు అప్పుడు సమాధానము తోచలేదు. తరువాత ఆలోచింపగా ఆ ప్రశ్నలో మంచి పాఠమే ఉన్నదని తెలిసినది. ప్రయాణములో పిల్లలకు ప్రొద్దుపుచ్చుట ఇంటి ఆడవారు చూచుకొను చిన్నపనిగా మనము భావింతుము. కాని దానికొక చరిత్ర కలదు. ఆ చరిత్రను వాహనముల చరిత్రతో కలిపి చదివినపుడు మన చెవిని గూర్చి, కంటిని గూర్చి, చలనమును గూర్చి కొన్ని శాస్త్ర విషయములు సులభముగా తెలియును.

వాడరేవు దారి

వాడరేవు బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న జాలరుల గ్రామము. దీనిని ఓడరేవు అనియు పిలుచుదురు. ఇచట ఓడలకు దారి చూపు దీపస్తంభము ఒకటి కలదు. చీరాల ప్రాంతము 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉండెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు పెట్టిరి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినది మొదలు ఈ ప్రాంతము ఆ జిల్లాకు చెందినది.

పిడుగురాళ్ళ నుండి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా వాడరేవు వరకు ఒక రహదారి ఉన్నది. ఈ దారిన పోవువానికి నేల తన కథను తానే చెప్పును. పిడుగురాళ్ళ వద్ద సున్నపురాయి, సున్నపు బట్టీలు కనబడును. నరసరావుపేట దాటిన పిమ్మట కోటప్పకొండ కనబడును. తరువాత ప్రత్తి, మిరప పండు నల్లరేగడి నేలలు వచ్చును. చీరాల సమీపించుకొలది నలుపు తగ్గి ఇసుక నేల, తాడిచెట్లు, సరుగుడు తోటలు కనిపించును. చివరకు సముద్రము వచ్చును. ఇన్ని వింతలున్న దారిలో పిల్లలకు విసుగు పుట్టుచున్నదనగా లోపము దారిలో లేదనియే చెప్పవలెను.

గూడుబండి కాలము

ఎద్దులబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడచును. ఇరువది కిలోమీటర్ల దారికి ఐదారు గంటలు పట్టును. అందుచే దూరప్రయాణమనగా ఒక పూటయో, ఒక రాత్రియో, కొన్ని సమయములలో రెండు మూడు దినములో అయ్యెడిది. బండిలో వరిగడ్డి మందముగా పరచి, దానిపై జంపఖానా వేసి, పైన గూడు కట్టెడివారు. ముసలివారు, ఆడవారు, పిల్లలు లోపల కూర్చుండెడివారు. పిల్లలకు ఇష్టమైన చోటు బండి వెనుకభాగము. అచట కాళ్ళు వ్రేలాడవేసికొని కూర్చున్నచో వెనుకకు పోవుచున్న దారి అంతయు కనబడును.

ఆనాటి పిల్లల కాలక్షేపమును పరిశీలించినచో మూడు అంశములు కనబడును. మొదటిది, వారి చూపు బండి వెలుపల ఉండెను. ఎవరి పొలములో పైరు ఎట్లున్నది, ఎవరి ఎడ్లు ముందు పోవుచున్నవి, చెరువు ఎంత నిండినది అనునవియే వారికి వినోదములు. రెండవది, వారి చెవి పెద్దలవైపు ఉండెను. పొడుపుకథలు, రాజుల కథలు, లెక్కల చిక్కులు, పాటలు, ఇవి అన్నియు చేతిలో వస్తువు లేకుండ సాగునట్టివి. చీకటి పడినను ఇవి ఆగవు. మూడవది, వారి కాళ్ళకు పని ఉండెను. విసుగు పుట్టిన పిల్లవాడు బండి దిగి ఎడ్ల ప్రక్కన కొంతదూరము నడచెడివాడు. అలసినపుడు మరల ఎక్కెడివాడు. ఎడ్లకు నీరు పెట్టుటకు ఆగిన ప్రతి చెరువుగట్టు పిల్లలకు ఆటస్థలమే.

ఇట్లు చెప్పుటవలన ఆ కాలము సుఖమయమని భావింపరాదు. ఎండ, దుమ్ము, కుదుపులు పిల్లలను మిక్కిలి బాధించెడివి. వాన కురిసినచో నల్లరేగడి మన్ను చక్రములకు ముద్దలుగా అంటుకొని బండి ముందుకు సాగెడిది కాదు. జబ్బుపడిన బిడ్డను పట్టణపు వైద్యునివద్దకు చేర్చుటకు పూటలు గడచెడివి. వేగము మనకు మేలే చేసినది. వేగముతోపాటు మనము పోగొట్టుకొన్నది ఏదియో తెలిసికొనుటయే ఇచట మన పని.

కాలువమీద పడవ

ఈ తీరమునకు మరియొక దారి నీటిదారి. మద్రాసునుండి ఉత్తరముగా తీరము వెంబడి కాలువ త్రవ్వుట 1806లో ఆరంభమైనది. ఆ కాలువ క్రమముగా పెదగంజాము వరకు పొడిగింపబడినది. అచట అది కొమ్మమూరు కాలువతో కలియుటవలన కృష్ణా డెల్టా కాలువలకు, మద్రాసుకు నీటిమార్గము ఏర్పడినది. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఘోరమైన కరువులో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించుటకై ఈ కాలువపనులు పెద్దఎత్తున జరిగినవి. అప్పటి మద్రాసు గవర్నరు పేరుమీద దీనికి 1878లో బకింగ్‌హాం కాలువ అను పేరు వచ్చినది.

ఉప్పు, ధాన్యము, వంటచెరకు మోయు పడవలలో మనుష్యులును ప్రయాణము చేసెడివారు. గట్టుమీద నడచుచు మనుష్యులు త్రాటితో పడవను లాగెడివారు. కనుక దీని వేగమును నడకవేగమే. లాకుల వద్ద పడవ ఆగినపుడు పిల్లలకు గొప్ప వినోదము. రెండు తలుపుల మధ్య నీరు నిండుచుండగా అంత బరువుగల పడవ ఎవరును ఎత్తకుండగనే పైకి లేచును. ద్రవముల పాఠములో చెప్పు తేలుట అను విషయము ఇక్కడ కంటికి కనబడును. కాలువ నీటిలో పెద్ద అలలు లేవు. కావున సముద్రముమీద ఓడలలో కలుగు వికారము కాలువ పడవలో కలుగదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. 1965, 1966 సంవత్సరముల తుపానులలోను, 1976 తుపానులోను ఈ కాలువ దెబ్బతినగా పడవ ప్రయాణములు క్షీణించినవి.

రైలు కిటికీ

1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గము పూర్తియైనది. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు ఆ దారిలోనివే. బండిలో దినములు పట్టు దూరము గంటలలోనికి వచ్చినది. పిల్లలకు కిటికీ ప్రక్క చోటుకై పోట్లాట కూడ ఆనాడే మొదలైనదని చెప్పవచ్చును. తంతి స్తంభములు లెక్కించుట, పట్టాల అతుకులమీద చక్రములు చేయు టకటక శబ్దమునకు తాళము వేయుట, స్టేషను పేర్లు చదువుట వారి కొత్త ఆటలు.

రైలుతోపాటు మరియొక మార్పు వచ్చినది. ప్రయాణీకులు పుస్తకములు చదువుట ప్రారంభించిరి. ఇంగ్లండులో 1848లో లండను స్టేషనులో పుస్తకముల దుకాణము వెలసినది. మన దేశమున 1877లో అలహాబాదులో వీలర్ సంస్థ అట్టి దుకాణమును నెలకొల్పినది. తెలుగు పిల్లలకు 1945లో 'బాల', 1947 జూలైలో 'చందమామ' లభించినవి. రైలు ప్రయాణమునకు ముందు స్టేషనులో చందమామ కొనిపెట్టుట అనేక కుటుంబములలో వాడుకయైనది. ఇట్లు పిల్లల చూపు మొదటిసారిగా వాహనము లోపలికి మరలినది. అయినను పెద్దగా హాని కలుగలేదు. రైలు తిన్నని పట్టాలమీద నెమ్మదిగా వేగము పుంజుకొనును, నెమ్మదిగా ఆగును. కారువలె మాటిమాటికి మలుపులు తిరుగదు. అందుచే రైలులో చదువగలిగిన పిల్లవాడే కారులో చదువలేక కన్నులు మూసికొనును.

కారు, అందులోని చిన్న కుర్చీ

మన దేశపు రోడ్లమీద చిరకాలము ఏలిన అంబాసిడర్ కారు 1957లో వచ్చి 2014 వరకు తయారైనది. 1983 డిసెంబరులో మారుతి 800 రాగా మధ్యతరగతి కుటుంబములకు కారు అందుబాటులోనికి వచ్చినది. ఆ రోజులలో పిల్లలు ముందు సీటులో తండ్రి ప్రక్క నిలబడియో, తల్లి ఒడిలో కూర్చుండియో ప్రయాణము చేసెడివారు. అద్దములోనుండి దారి అంతయు వారికి కనబడెడిది. వారికి వినోదమే గాని రక్షణ మాత్రము లేదు.

కారులో పిల్లలకై చేసిన ప్రత్యేకమైన కుర్చీకి వింతయైన చరిత్ర కలదు. 1930 దశకములో అమెరికాలో అట్టి కుర్చీలు అమ్మకమునకు వచ్చినవి. కాని అవి ప్రమాదమునుండి కాపాడుటకు చేసినవి కావు. బిడ్డ అటునిటు తిరుగకుండ ఒకచోట కూర్చుండుటకు, ఎత్తుగా కూర్చుండి కిటికీలోనుండి బయటికి చూచుటకు చేసినవి! అనగా ఈ కుర్చీ మొదట పుట్టినది కాలక్షేపము కొరకే. రక్షణ కొరకు చేసిన కుర్చీలు 1962లో వచ్చినవి. అమెరికాలో లియొనార్డ్ రివ్‌కిన్, ఇంగ్లండులో జీన్ ఏమ్స్ వేరువేరుగా వీటిని రూపొందించిరి. అంతకు పూర్వము 1959లో స్వీడనుకు చెందిన నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించు సీటుబెల్టును వోల్వో కార్లలో ప్రవేశపెట్టెను. పిల్లలను కారులో కట్టి కూర్చుండబెట్టవలెనను చట్టము అమెరికాలో మొదట టెనెసీ రాష్ట్రమున 1978లో అమలులోనికి వచ్చినది. మన దేశమున 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినపుడు పదునాలుగేండ్లలోపు పిల్లలకు సీటుబెల్టుగాని, పిల్లల కుర్చీగాని ఉండవలెనని నిర్ణయించి, ఉల్లంఘించినవారికి వేయి రూపాయల జరిమానా విధించిరి.

ఒడిలో గట్టిగా పట్టుకొన్నచో చాలదా అని కొందరు అడుగుదురు. చిన్నలెక్క వేసి చూతము. గంటకు 50 కిలోమీటర్లు పోవుచున్న కారు సెకనుకు సుమారు 14 మీటర్లు పోవుచున్నది. అది దేనినైన ఢీకొని సెకనులో పదవవంతు కాలములో ఆగినదనుకొందము. అప్పుడు కలుగు ఋణ త్వరణము గురుత్వ త్వరణమునకు పదునాలుగు రెట్లు. పది కిలోల బిడ్డ ఆ క్షణమున 140 కిలోల బరువువలె ముందుకు లాగబడును. అంత బరువును ఏ తల్లి చేతులు ఆపగలవు? ఆ వేగముతో ఢీకొనుట పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి, క్రిందపడుటతో సమానము. కావున బెల్టు విషయమున బేరము లేదు.

ఇక్కడనే నేటి తల్లిదండ్రుల చిక్కు ఆరంభమగును. బండి దిగి నడచుటకు వీలులేదు. కదలుటకు వీలులేదు. శరీరమును కట్టివేసినపుడు మనస్సుకు పని కల్పింపవలెను. ఆ పనిని మనము సెల్‌ఫోనుకు అప్పగించుచున్నాము. అప్పుడు చూపు వాహనము లోపలికే కాక, అరచేతిలోని చిన్న అద్దము లోపలికి పోవుచున్నది.

చెవికి, కంటికి తగాదా

చెవి వినుటకు మాత్రమే ఏర్పడిన అవయవము కాదు. లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలు అను మూడు చిన్న నాళములు ఒకదానికొకటి లంబముగా అమరియున్నవి. వాటిలో ద్రవము ఉన్నది. తల తిరిగినపుడు ఈ ద్రవము జడత్వముచే వెనుకబడి, అచట నున్న సన్నని రోమములను వంచును. ఆ వార్త మెదడుకు చేరును. వాటి ప్రక్కనే జిగటపొరపై సూక్ష్మమైన రేణువులు ఉన్నవి. వాహనము ముందుకు దూకినను, ఆగినను, పైకి లేచినను ఈ రేణువులు జరిగి ఆ సంగతి తెలుపును. ఈ రేణువులు కాల్షియం కార్బొనేటు అను పదార్థము. పిడుగురాళ్ళ సున్నపురాతిలోని ముఖ్యపదార్థమును అదియే. కావున ఆ దారిన పోవు ప్రతి పిల్లవాడు తన చెవిలో కొద్దిపాటి సున్నపురాతిని మోసికొని పోవుచున్నాడనవచ్చును!

ఇప్పుడు వెనుక సీటులో ఫోను చూచుచున్న పిల్ల సంగతి ఆలోచింపుడు. కారు మలుపు తిరుగుచున్నదని చెవి మెదడుకు చెప్పుచున్నది. కన్ను మాత్రము కదలిక లేదని చెప్పుచున్నది. ఏలయనగా చేతిలోని ఫోను పిల్లతోపాటే కదలుచున్నది. రెండు సాక్ష్యములు పొసగవు. ఈ వైరుధ్యమువలననే వికారము, చెమటలు, వాంతి కలుగుచున్నవని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయము. 1881లో ఇర్విన్ అను వైద్యుడు ఓడలలో కలుగు వికారమును ఇట్లే వివరించెను. మరుసటి సంవత్సరము విలియం జేమ్స్ మరియొక సాక్ష్యము చూపెను. లోపలి చెవి పనిచేయని చెవిటివారిలో అనేకులకు గిరగిర తిప్పినను తల తిరుగుట లేదని ఆయన గమనించెను.

అయినచో బండిలో కుదుపులు ఎక్కువ గదా, అందులో వాంతులు ఏల కాలేదు? మా అమ్మ ప్రశ్నకు సమాధానము ఇక్కడ ఉన్నది. అన్ని కదలికలు వికారము కలిగింపవు. 1974లో అమెరికాలో ఓహాన్లన్, మెకాలీ అను పరిశోధకులు మనుష్యులను క్రిందికి మీదికి ఊపు యంత్రములో కూర్చుండబెట్టి పరీక్షించిరి. సుమారు ఐదారు సెకనులకొకసారి పైకి క్రిందికి పోవు నెమ్మదియైన ఊపు అన్నిటికంటె ఎక్కువ వికారము కలిగించునని తేలినది. సముద్రపు అలలమీద ఓడ ఊగునది ఇంచుమించు ఆ లయలోనే. మెత్తని స్ప్రింగులుగల కారు మలుపులలో ఒరగుట, బ్రేకు వేసినపుడు ముందుకు తూగుట కూడ ఇట్టి నెమ్మది కదలికలే. ఎద్దులబండి కుదుపులు వేరు. అవి సెకనుకు అనేకమారులు వచ్చు గట్టి దెబ్బలు. ఒడలు నొప్పించును గాని కడుపు త్రిప్పవు. ఒంటెమీద పోవువారికి వికారము కలుగుటయు, గుర్రముమీద దౌడుతీయువారికి కలుగకుండుటయు ఇందువలననే.

రెండవ కారణము చూపు. బండిలో పిల్లలు దూరపు పొలములను చూచుచుండిరి. చెవి చెప్పినదానినే కన్నును చెప్పుచుండెను. ఇక పిల్లల వయస్సు కూడ గమనింపవలెను. రెండేండ్లలోపు బిడ్డలకు ఈ వికారము అరుదు. ఆరు మొదలు పన్నెండేండ్ల వరకు ఎక్కువ. తరువాత క్రమముగా తగ్గును. కారు నడుపువానికి ఇది దాదాపు రాదు. అతని దృష్టి దారిమీద ఉండును, రాబోవు మలుపు అతనికి ముందే తెలియును.

దారియే పాఠశాల

కాబట్టి ప్రయాణములో పిల్లలకు తగిన వినోదము ఎట్లుండవలెనో చరిత్రయు శాస్త్రమును ఒక్కమాటే చెప్పుచున్నవి. చూపు బయట ఉండవలెను, చెవి పెద్దలకు అందవలెను, నడుమనడుమ కాళ్ళు నేలమీద ఆనవలెను. గూడుబండిని మరల తేనక్కరలేదు. కారులోనే ఈ మూడింటిని కల్పింపవచ్చును. తిరుగు ప్రయాణములో మేము చేసి చూచిన కొన్ని ఆటలను ఇక్కడ తెలుపుచున్నాను. ఉపాధ్యాయులు విహారయాత్రలలో వీటిని ఉపయోగింపవచ్చును.

ఒకటి, రాళ్ళ లెక్క. ఒక కిలోమీటరు రాయినుండి మరుసటి రాయివరకు ఎన్ని సెకనులు పట్టినదో పిల్లలు లెక్కింపవలెను. 3600ను ఆ సంఖ్యతో భాగించినచో గంటకు వేగము వచ్చును. 60 సెకనులైనచో 60 కిలోమీటర్లు, 72 సెకనులైనచో 50 కిలోమీటర్లు. ఇంకెంత దూరమని అడుగు పిల్లవాడు ఇట్లు తానే జవాబు చెప్పుకొనగలడు.

రెండు, కొండ పరుగు. దారిప్రక్క చెట్లు వెనుకకు పరుగెత్తుచుండగా కోటప్పకొండ మనతో వచ్చుచున్నట్లు తోచును. ఏల? గంటకు 60 కిలోమీటర్ల వేగమున కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. పది మీటర్ల దూరమున ఎదురుగానున్న చెట్టు ఒక్క సెకనులో సుమారు 59 డిగ్రీలు వెనుకకు జరిగినట్లుండును. ఐదు కిలోమీటర్ల దూరపు కొండ డిగ్రీలో ఐదవవంతు మాత్రమే జరుగును. ఈ కొండకు ఎటునుండి చూచినను మూడు శిఖరములు కనబడునని ప్రతీతి. నిజమో కాదో చూచి చెప్పుమన్నచో పిల్లలు చాలసేపు కిటికీ విడువరు.

మూడు, నంబరు పలకలు. ఎదుటి వాహనముపై నున్న నాలుగంకెలను కూడి, వచ్చినదానిని మరల కూడి, ఒంటి అంకె చేయవలెను. మనవారికి ఈ లెక్కపై మక్కువ ఎక్కువ. 3848 అయినచో 23, దానినుండి 5. ఆ సంఖ్యను తొమ్మిదితో భాగించినపుడు మిగులు శేషమును 5 మాత్రమే. తొమ్మిది వచ్చినచో శేషము సున్న. ఇది ఏల జరుగునో పై తరగతుల పిల్లలు ఇంటివద్ద ఆలోచింపవచ్చును. పాత పలకలపై 07 అన్నచో గుంటూరు, 27 అన్నచో ప్రకాశం అని ఊరు చెప్పు ఆటయు ఉండెను. 2019లో రాష్ట్రమంతటికి 39 అను ఒకే సంఖ్య వచ్చుటచే కొత్త బండ్లతో ఆ ఆట సాగదు.

నాలుగు, మలుపు చెప్పుట. ముందు దారిని చూచి కుడికో ఎడమకో మలుపు రానున్నదని పిల్లలు ముందుగా చెప్పవలెను. ఇందువలన నడుపువానికి ఉన్న మేలు వారికిని కలుగును. వికారము గల పిల్లలకు ఇది మంచి ఆట.

ఐదు, పొడుపుకథలు. పాతవి అయిపోయినపుడు దారిలో కనబడినదానిపై కొత్తవి కట్టవలెను. "తాను కదలడు, నెత్తిన లెక్క మోసి పోయేవాడికల్లా దూరం చెబుతాడు" అని మా అమ్మ పొడిచినది. కిలోమీటరు రాయి అని పిల్ల విప్పినది. "పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, సముద్రం ఒడ్డున కాపలా" అని పిల్ల తిరిగి పొడిచినది. వాడరేవు దీపస్తంభమును ఆమె ఉదయమే చూచియుండెను.

వీటితోపాటు రెండు గంటలకొకసారి కారు ఆపి పిల్లలను నడిపింపవలెను. రోడ్డు అంచున గాక సురక్షితమైన చోట ఆపవలెను. ప్రయాణమునకు ముందు నూనె వంటకములతో కడుపు నింపరాదు. కిటికీ కొంచెము తెరచి గాలి రానిచ్చుట మంచిది. బొత్తిగా తోచనపుడు పాటలు, కథలు వినిపించుటకు ఫోనును వాడవచ్చును. దానిని చెవికి ఉపయోగించుటలో దోషము లేదు. వాంతులు మాటిమాటికి అగు పిల్లల విషయమున వైద్యుని సలహా పొందవలెను.

సముద్రపు అంచు

ఆ ఉదయము వాడరేవు చేరిన పిమ్మట మా అమ్మాయి ఇసుకలో నిలబడి సముద్రమును చూచినది. నీరు ఆకాశమును తాకు గీతను చూపుచు, "నాన్నా, అది ఎంత దూరం?" అని అడిగినది. దారి పొడవున నన్ను విసిగించిన ప్రశ్నయే అది. ఈసారి మాత్రము నాకు విసుగు కలుగలేదు.

భూమి గుండ్రముగా ఉండుటచే మన చూపు కొంతదూరమున ఆగిపోవును. కంటి ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 3.57తో హెచ్చించినచో ఆ దూరము కిలోమీటర్లలో వచ్చును. పిల్ల కన్ను నేలనుండి ఒక మీటరు ఎత్తున ఉన్నది. కాబట్టి ఆమెకు కనబడు అంచు సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరము. నేను ఆమెను భుజములపై ఎక్కించుకొంటిని. అప్పుడు ఆమె కన్ను రెండుంబాతిక మీటర్ల ఎత్తుకు చేరినది. అంచు ఐదు కిలోమీటర్లు దాటినది.

"ఇప్పుడు ఇంకా దూరం కనబడుతోందా?" అని మా అమ్మ క్రిందనుండి అడిగినది. "ఔను నాయనమ్మా, నువ్వు కూడా ఎక్కు!" అని పిల్ల పైనుండి అరచినది.